కాపలా వేరు, నిఘా వేరు

"ఇంట్లో పెట్టుకోవడానికి మంచి కెమెరా ఏదైనా చెప్పండి" అనే ప్రశ్న ఈమధ్య మన సాహిత్య సభల్లో కూడా వినిపిస్తోంది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పుస్తకావిష్కరణ ముగిసి జనం మెట్ల దగ్గర నిలబడినప్పుడు పుస్తకం గురించి రెండు మాటలు, కెమెరా గురించి పది మాటలు నడుస్తున్నాయి. చీకట్లో కనిపిస్తుందా? ఫోన్లో చూసుకోవచ్చా? చుట్టూ తిరుగుతుందా? రెండు వేలలోపు వస్తుందా? అడిగేవాళ్ళు రచయిత్రులు, అధ్యాపకులు, పరిశోధకులు. అంటే మనమే.

ఇవన్నీ వస్తువు గురించిన ప్రశ్నలు. ఎవరూ అడగని ప్రశ్నలు రెండున్నాయి. ఆ కెమెరాలో కనిపించేది ఎవరు? ఆ దృశ్యం వెళ్ళేది ఎవరి ఫోన్‌కి? రెండు ప్రశ్నలకీ ఒక్క మనిషే జవాబయితే ఆ కెమెరా ఆ మనిషికి రక్షణ. జవాబులు వేరు వేరు మనుషులయితే అది ఒకరి మీద మరొకరికి అధికారం. ధర, కంపెనీ, మెగాపిక్సెళ్ళు అన్నీ ఆ తర్వాతి సంగతి.

తెలుగులో కాపలా అని ఒక మాట ఉంది, నిఘా అని ఒక మాట ఉంది. రెండిటినీ కలిపేసి 'సేఫ్టీ' అంటున్నాం. కాపలా కాసేవాళ్ళు ఇంటికి వీపు పెట్టి వీధి వైపు చూస్తారు. నిఘా పెట్టేవాళ్ళు వీధికి వీపు పెట్టి ఇంట్లోకి చూస్తారు. కాపలా వచ్చేవాళ్ళని కనిపెడుతుంది, నిఘా ఉన్నవాళ్ళని కనిపెడుతుంది. మన ఇళ్ళల్లోకి వచ్చిన చవక వైర్‌లెస్ కెమెరాని మనం కాపలా పేరుతో కొని నిఘాకి పెడుతున్నాం. ఆ నిఘా కింద ఉండేది చాలావరకు ఆడవాళ్ళే. ఈ వ్యాసంలో నా అభ్యంతరం దీనికే.

ఈ సంగతి మాట్లాడుకోవడానికి అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడల కన్నా తగిన చోటు లేదు. ఈ పేటలు ఆడపిల్లల చదువుతో ఎదిగిన పేటలు. మాడపాటి హనుమంతరావు 1928లో ఆడపిల్లల కోసం తెలుగు మాధ్యమంలో బడి పెట్టింది నారాయణగూడలోనే. 1954లో మొదలైన రెడ్డి మహిళా కళాశాల ఉన్నదీ ఇక్కడే. ఆ కాలేజీకి పెట్టిన పేరు రాజా బహదూర్ వెంకటరామరెడ్డిది. ఆయన నిజాం కాలంలో హైదరాబాద్ నగర కొత్వాలు. కొత్వాలు పేరున్న కాలేజీలో చదువుకున్న ఆడపిల్లలు తండ్రి, అన్న, మేనమామ కళ్ళ ముందు నుంచి లేచి బయటికి వచ్చి ఉద్యోగాలు చేశారు. వాళ్ళ మనవరాళ్ళ వయసు పిల్లలు ఇవాళ అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ చదువుతున్నారు. పొద్దున్నే సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం బారులు తీరుతున్నారు. వాళ్ళు హాస్టల్ గేటు దాటిన క్షణం నుంచి కారిడార్‌లో, మెట్ల మీద, మెస్సులో, నీళ్ళ డ్రమ్ము దగ్గర ఒక్కో కన్ను. ఆ కళ్ళన్నీ కలిసి ఎవరి ఫోన్లో ఉంటాయని అడిగితే హాస్టల్ యజమాని ఫోన్లో అని చెప్తారు. అంతకుమించి అడిగితే "మీ సేఫ్టీ కోసమే కదమ్మా" అంటారు.

కెమెరాలు నగరానికి కొత్త కాదు. 2013లో ఉమ్మడి రాష్ట్రం ప్రజాభద్రత చట్టం తెచ్చి, జనం ఎక్కువగా వచ్చే సంస్థలన్నీ కెమెరాలు పెట్టాలంది. ఆ తర్వాత పోలీసులు 'నేను సైతం' అని శ్రీశ్రీ మాటని పథకం పేరుగా పెట్టుకుని, కాలనీల వాళ్ళని సొంత డబ్బులతో కెమెరాలు పెట్టమని ప్రోత్సహించారు. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ మొదలైంది. వీధుల్లో నిఘా గురించి పౌరహక్కుల వాళ్ళు ప్రశ్నలు వేశారు, కోర్టుకి కూడా వెళ్ళారు. కానీ ఇంటి లోపలి కెమెరా గురించి ఎవరు మాట్లాడాలి? ఇంటి లోపలి సంగతులు మాట్లాడటం మొదలుపెట్టిందే స్త్రీవాదులు. వ్యక్తిగతమే రాజకీయం అన్నవాళ్ళం ఈ విషయంలో మాత్రం యాప్ డౌన్‌లోడ్ చేసుకుని ఊరుకున్నాం.

వైరు పోవడంతో ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. పదిహేనేళ్ళ క్రితం ఇంటికి కెమెరాలు పెట్టించాలంటే అదొక తతంగం. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి బేరం చేయాలి. నాలుగు కెమెరాలు, ఒక రికార్డర్ పెట్టె, చుట్టలు చుట్టలు వైరు. నిచ్చెన వేసుకుని మనిషి వచ్చి గోడలకి బెజ్జాలు కొట్టాలి. ఆ రోజు ఇంట్లో అందరికీ తెలిసేది, పక్క ఫ్లాట్ వాళ్ళకీ తెలిసేది. "హాల్లో ఎందుకండీ?" అని ఇంటావిడ అడగడానికి ఒక సందు ఉండేది. ఇప్పుడు పెట్టె తెరవాలి, ప్లగ్గులో పెట్టాలి, ఫోన్‌తో కోడ్ స్కాన్ చేయాలి. పది నిమిషాల పని. టీవీ పక్కన వినాయకుడి బొమ్మ పక్కన కూర్చుంటుంది. నిర్ణయానికి ఒక్క మనిషి చాలు. చవక అంటే డబ్బు తగ్గడం మాత్రమే కాదు, ఇంట్లో మిగతావాళ్ళని అడగాల్సిన అవసరం తగ్గడం కూడా.

ఈ వస్తువు పుట్టుక గురించి స్త్రీవాద చరిత్రకారులకి తప్పక తెలియాల్సిన సంగతి ఒకటుంది. ఇంటికి కెమెరాతో కాపలా పెట్టే ఏర్పాటుకి పేటెంట్ కోరిన తొలి వ్యక్తి ఒక నల్లజాతి మహిళ. న్యూయార్క్‌లో క్వీన్స్ ప్రాంతంలో ఉండే మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ నర్సుగా పనిచేసేది. ఆమె డ్యూటీ వేళలు వేరు, భర్త వేళలు వేరు. వేళ కాని వేళలో తలుపు తడితే ఎవరో తెలియదు, పిలిస్తే పోలీసులు త్వరగా రారు. భర్త ఆల్బర్ట్‌తో కలిసి ఆమె 1966లో దరఖాస్తు చేసింది, 1969 డిసెంబరులో పేటెంట్ వచ్చింది. తలుపుకి ఎత్తు తక్కువగా ఒకటి, ఎక్కువగా ఒకటి, అలా నాలుగు కన్నాలు. కెమెరా వాటి వెంట పైకీ కిందికీ జరుగుతుంది. తలుపు అవతల నిలబడిన మనిషి బొమ్మ పడకగదిలో ఆమె ముందున్న తెర మీద పడుతుంది. ఆమె అక్కడి నుంచే మాట్లాడొచ్చు, మీట నొక్కి తలుపు తీయొచ్చు, లేదా ప్రమాద ఘంటిక మోగించొచ్చు.

ఇందులో కెమెరా ఎటు చూస్తోందో చూడండి. బయటికి. తెర ఎవరి ముందు ఉంది? ఇంట్లో ఒంటరిగా ఉన్న స్త్రీ ముందు. మీట ఎవరి చేతిలో ఉంది? ఆమె చేతిలోనే. పడకగదిలో తెర ఉంది గానీ పడకగది మీద కన్ను లేదు. ఆరు దశాబ్దాల తర్వాత అదే ఏర్పాటు మన ఇళ్ళకి తలకిందులై వచ్చింది. కెమెరా హాల్లోకి చూస్తోంది, తెర ఆఫీసులో ఉన్న మగవాడి జేబులోనో, అమెరికాలో ఉన్న కొడుకు జేబులోనో ఉంది. కంచె చేను మేయడమంటే ఇదే.

ఆ చేనులో ఎవరెవరున్నారో ఒక్కొక్కరినే చూద్దాం.

మొదట మన ఇళ్ళల్లో పనిచేసే కార్మికురాలు. హుస్సేన్‌సాగర్ నాలా పక్క బస్తీల నుంచి పొద్దున్నే బయల్దేరి అశోక్‌నగర్, దోమలగూడ ఫ్లాట్లలో నాలుగైదు ఇళ్ళు చేసుకునే మనిషి. మనం కాలేజీకి వెళ్ళాక ఆమె వంటింట్లో ఏం చేస్తోందో ఫోన్లో చూడటం మనకి తప్పనిపించడం లేదు. ఆమె చీర పైకి దోపుకుని బండలు తుడుస్తుంది, చెమట పట్టి పైట జార్చి ఫ్యాను కింద నిలబడుతుంది. అది మన భర్త ఫోన్లోనో, మరిది ఫోన్లోనో కనిపిస్తోందని ఆమెకి తెలుసా? పనిచోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం, ఇంటిపని చేసేవాళ్ళకి మన ఇల్లు కూడా పనిచోటే అని స్పష్టంగా చెప్పింది. అంటే మనం యజమానులం. యూనివర్సిటీలో మన స్టాఫ్‌రూంలో కెమెరా పెడితే సంతకాలు సేకరిస్తాం. మన వంటింట్లో ఆమె మీద పెట్టిన కెమెరాని 'జాగ్రత్త' అంటాం. చక్కెర డబ్బా తగ్గిందన్న అనుమానం ఎప్పుడూ ఆమె మీదకే ఎందుకు పోతుందో, ఆ అనుమానంలో ఎంత కులం ఉందో దళిత రచయిత్రులు మనకి చెప్పి చాలా ఏళ్ళయింది. ఆ పాత అనుమానానికి ఇప్పుడు లెన్సు దొరికింది, అంతే.

రెండోది, పెద్దవయసు తల్లి. చిక్కడపల్లి పాత ఇళ్ళలోనూ ఫ్లాట్లలోనూ ఒంటరిగా ఉంటున్న తల్లులు ఎందరో. పిల్లలు డల్లస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. సెలవుల్లో వచ్చి హాల్లో ఒకటి, పడకగదిలో ఒకటి పెట్టి వెళ్తారు. అమ్మ పడిపోతే? గ్యాస్ కట్టేయడం మర్చిపోతే? ఆ బెంగ నిజమైనదే, దాన్ని వెక్కిరించను. కానీ ఆ తల్లి మధ్యాహ్నం కాస్త నడుం వాల్చగానే గోడ మీంచి "అమ్మా, బీపీ మాత్ర వేసుకున్నావా?" అని గొంతు వినిపిస్తే ఆమెకి ఎలా ఉంటుంది? జాకెట్టు వదులు చేసుకుని కూర్చునే స్వేచ్ఛ ఆమెకి ఎన్నేళ్ళకి దొరికింది! అత్తగారు పోయి, భర్త పోయి, పిల్లలు రెక్కలొచ్చి ఎగిరాక గదా ఆ ఇల్లు ఆమెదయింది. ఆ కాస్త ఏకాంతాన్నీ ప్రేమ పేరుతో తీసేసుకుంటున్నాం. ఆమెని అడిగామా? "నువ్వు ఒప్పుకుంటేనే పెడతాం, నీకు వద్దనిపించినప్పుడు ప్లగ్గు తీసెయ్" అని ఆ ప్లగ్గు ఎక్కడుందో చూపించామా?

మూడోది, భార్య. "మధ్యాహ్నం రెండింటికి వచ్చింది ఎవరు?" "అంతసేపు ఫోన్లో ఎవరితో?" అనే ప్రశ్నలు ఒకప్పుడు అత్తగారో ఆడపడుచో మోసుకొచ్చిన చాడీల మీద ఆధారపడేవి. చాడీని కాదనొచ్చు. వీడియోని కాదనలేం, కానీ వీడియో చెప్పని సంగతులు చెప్పే అవకాశం కూడా ఆమెకి ఉండదు. 2005 గృహహింస చట్టం మాటలతో, మనసుని గాయపరచడం ద్వారా చేసే హింసని కూడా హింస అంది. రోజంతా చూస్తూ ఉండటం, చూస్తున్నానని తెలియజేస్తూ ఉండటం ఆ లెక్కలోకి రాదా? 2025 జూలైలో సుప్రీంకోర్టు, భార్యకి తెలియకుండా భర్త రికార్డు చేసిన ఫోన్ సంభాషణల్ని విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చంది. అది ఆడవాళ్ళకీ ఉపయోగపడుతుంది కదా అని కొందరన్నారు. ఉపయోగపడుతుంది, రికార్డు ఆమె దగ్గర ఉంటే. మన ఇళ్ళల్లో అది ఎవరి దగ్గర ఉంటుందో మనకి తెలుసు.

నాలుగోది, హాస్టల్లో ఉన్న అమ్మాయి. పీహెచ్‌డీ చేసే రోజుల్లో నేనూ అశోక్‌నగర్ హాస్టల్లో ఉన్నాను. అప్పుడు వార్డెన్ ఉండేది, రిజిస్టరు ఉండేది. ఆవిడతో పోట్లాడాం, బతిమాలాం, అబద్ధాలు చెప్పాం. ఆవిడకి జ్వరం వచ్చేది, కునుకు పట్టేది, ఒక్కోసారి మా మొహాలు చూసి "సరే పోండి, తొమ్మిదింటికల్లా వచ్చెయ్యండి" అనేది. మనిషి పెట్టే ఆంక్షలో మనిషితనం దూరే సందు ఉంటుంది. కెమెరాకి కునుకు రాదు, జాలి కూడా రాదు. 2024 ఆగస్టులో గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ విద్యార్థినులు హాస్టల్ బాత్రూంలో రహస్య కెమెరాలున్నాయన్న అనుమానంతో రాత్రంతా ఆందోళన చేశారు. కెమెరాలేవీ దొరకలేదని తర్వాత పోలీసులు చెప్పారు. దొరికినా దొరక్కపోయినా ఆ పిల్లల భయం ఎక్కడి నుంచి వచ్చిందో మనం అర్థం చేసుకోవాలి. ఎటు చూసినా కనిపించే కెమెరాల మధ్య బతికేవాళ్ళకి కనిపించనివి కూడా ఉన్నాయేమో అనిపించడంలో వింతేముంది? దాచిన కెమెరా అంటే రాష్ట్రమంతా మండిపడుతుంది. గదుల తలుపుల వైపు చూస్తూ కారిడార్‌లో బాహాటంగా కూర్చున్న కెమెరాని మాత్రం తల్లిదండ్రులు అడ్మిషన్ రోజున చూసి తృప్తిపడతారు.

"మరి భద్రత వద్దా?" అని మీరడుగుతారని తెలుసు. వద్దని ఎవరంటారు? ఒంటరిగా ఉండే ఆడవాళ్ళకి తలుపు అవతల ఎవరున్నారో తెలియాలి. మేరీ బ్రౌన్‌కి కావలసింది అదే. కానీ ప్రమాదం ఎక్కడి నుంచి వస్తోందో కూడా చూడాలి. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల్లో స్త్రీల మీద జరిగిన నేరాల్లో అన్నిటికన్నా పెద్ద భాగం, 31.4 శాతం, భర్తా అతని బంధువులూ పెట్టిన హింస. అంటే మనకి ఎక్కువ భయం గడప లోపలే ఉంది. అలాంటప్పుడు గడప లోపలి కెమెరా తాళం గడప లోపలి మగవాడికే అప్పగించడం ఎలాంటి భద్రత? దెబ్బలు తింటున్న స్త్రీ తన రక్షణ కోసం, తన సాక్ష్యం కోసం తనే కెమెరా పెట్టుకుంటే నేను ఆమె పక్కనే నిలబడతాను. అప్పుడు కనిపించేదీ ఆమె, తాళం ఉన్నదీ ఆమె దగ్గర.

తాళం అంటే ఏమిటో ఇక్కడ వివరంగా చెప్పాలి. సాంకేతిక విషయాలు మగవాళ్ళవి అని పక్కన పెట్టడం వల్లే ఇంతవరకూ వచ్చింది. ఈ కెమెరాల్లో చాలావాటికి మొదట యాప్‌లో ఖాతా తెరిచి, కెమెరాని ఇంటి వైఫైకి కలిపిన వ్యక్తే యజమాని. మిగతావాళ్ళకి ఆ వ్యక్తి 'షేర్' చేస్తే కనిపిస్తుంది, తీసేస్తే పోతుంది. రికార్డింగులు చెరిపేది, శబ్దం ఆపేది, రహస్యపదం మార్చేది ఆ యజమానే. భూమి పట్టా ఎవరి పేర ఉందో ఎంత ముఖ్యమో, ఇది అంత ముఖ్యం. మన జీతంతో కొన్న కెమెరాని "నీకు తెలియదులే, ఇటివ్వు" అని భర్తో కొడుకో తమ ఫోన్‌తో స్కాన్ చేస్తారు. ఆ పది నిమిషాల్లో పట్టా రాసుకోవడం అయిపోతుంది. కాబట్టి పెట్టె మీరే తెరవండి. చాలా చవక కెమెరాలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే పట్టుకుంటాయి. రౌటర్‌లో రెండు పేర్లు కనిపిస్తే అది చూసుకోవాలి. ఇంతకుమించి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

రహస్యపదం సంగతి ఇంకా ముఖ్యం. ఫ్యాక్టరీలో పెట్టిన రహస్యపదాన్ని మార్చని కెమెరాలని, రౌటర్లని లక్షల సంఖ్యలో లొంగదీసుకుని 2016లో 'మిరాయ్' అనే దుష్ట ప్రోగ్రామ్ అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లని మూయించింది. అది యంత్రాల గొడవ అనుకుంటే, 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లో బయటపడింది చూడండి. అక్కడి ఒక ప్రసూతి ఆసుపత్రిలో డాక్టరు పరీక్ష చేస్తుండగా, నర్సు ఇంజక్షన్ ఇస్తుండగా కెమెరాలో పడిన స్త్రీల దృశ్యాలు ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు. ఆ కెమెరా వ్యవస్థకి తేలిగ్గా ఊహించగల మామూలు రహస్యపదమే ఉందని పత్రికలు రాశాయి. ఆ కెమెరాని కూడా అక్కడ ఎవరో 'సేఫ్టీ కోసమే' పెట్టి ఉంటారు. పరీక్ష చేసే గదిలో కెమెరా ఎందుకని ఏ స్త్రీనీ అడిగి ఉండరు.

దృశ్యాలు ఎక్కడ దాచుకోవాలన్నది తర్వాతి ప్రశ్న. కంపెనీ క్లౌడ్‌లోనా, కెమెరాలో పెట్టే కార్డులోనా? పేరున్న కంపెనీ అయితే నమ్మొచ్చు అనుకుంటాం. అమెరికాలో రింగ్ అనే కంపెనీ మీద అక్కడి వాణిజ్య కమిషన్ 2023లో చేసిన ఆరోపణ ఏమిటంటే, ఆ కంపెనీ ఉద్యోగి ఒకడు 2017లో నెలల తరబడి స్త్రీల పడకగదుల్లో, స్నానాల గదుల్లో ఉన్న కెమెరాల దృశ్యాలు వేల సంఖ్యలో చూశాడు. కంపెనీ 58 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. 2024 ఫిబ్రవరిలో వైజ్ అనే చవక కెమెరాల కంపెనీలో సాంకేతిక లోపం వల్ల దాదాపు 13 వేల మందికి వేరేవాళ్ళ ఇళ్ళ బొమ్మలు కనిపించాయి. కాబట్టి వీలైతే కార్డే మేలు. లెక్క కూడా కష్టం కాదు. సెకనుకి ఒక మెగాబిట్ చొప్పున రికార్డు చేస్తే రోజుకి దాదాపు 11 జీబీ. 64 జీబీ కార్డులో ఐదారు రోజులు పడతాయి, ఆ తర్వాత పాతవి వాటంతట అవే చెరిగిపోతాయి. అంతకన్నా ఎక్కువ దాచుకోవాల్సిన అవసరం ఏ ఇంటికుంది?

మన దేశంలో ఇంటర్నెట్‌కి కలిసే కెమెరాలకి భద్రతా పరీక్షల నియమాలు 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. ధ్రువీకరణ ఉందో లేదో చూసి కొనడం మంచిదే. కానీ ఆ ధ్రువీకరణ బయటి దొంగ నుంచి మాత్రమే కాపాడుతుంది. లోపలి యజమాని నుంచి కాపాడే ధ్రువీకరణ ఏ ప్రభుత్వమూ ఇవ్వదు.

అది మనమే ఇచ్చుకోవాలి. కెమెరా ఇంటి ముఖద్వారం దగ్గర బయటికి చూడాలి. అపార్ట్‌మెంట్‌లో అయితే ఎదురింటి తలుపు అందులో పడకూడదు. ఆ ఇంటి అమ్మాయి ఎన్నింటికి వచ్చిందో మనకి అనవసరం. లోపల పెట్టక తప్పని పరిస్థితిలో అది వీధి తలుపుని మాత్రమే చూడాలి. వంటిల్లు, పడక, స్నానాల గది దారి అందులో ఉండకూడదు. చాలా యాప్‌లలో కనిపించకూడని భాగాన్ని నల్లగా మూసే వీలుంది. మాట వినే మైకుని ఆపేయాలి, ఎందుకంటే బొమ్మకన్నా మాట ఎక్కువ చెప్తుంది. లెన్సుని మూసుకునే రకం అయితే ఇంకా మంచిది. ఇంట్లో మనుషులున్నప్పుడు అది మూసి ఉండటమే నియమం కావాలి. పనికి వచ్చే కార్మికురాలికి మొదటి రోజే చూపించి చెప్పాలి, ఆమె వద్దంటే ఆమె పనివేళల్లో ఆపాలి. ఎప్పుడైనా ఆమె మీద మాట వస్తే ఆ రికార్డు ఆమె ముందే, ఆమెకి కూడా చూపించాలి. అది చేయలేనివాళ్ళకి కెమెరా పెట్టే నైతిక హక్కు లేదు.

"చట్టం లేదా?" అంటారు. ఉంది, గడప దాకా ఉంది. 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. స్త్రీలని రహస్యంగా చూడటం, చిత్రించడం 2013 నుంచి ప్రత్యేక నేరం. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది 77వ సెక్షన్. కానీ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం, ఒక వ్యక్తి తన సొంత లేదా ఇంటి అవసరాల కోసం చేసేవాటికి వర్తించదని ముందే చెప్పేసింది. 'ఇంటి అవసరం' అన్న మాట వినగానే చట్టం చెప్పులు విడిచి బయట నిలబడటం మనకి కొత్త కాదు. గృహహింస విషయంలో ఆ గడప దాటించడానికి ఎన్నేళ్ళ పోరాటం పట్టిందో గుర్తుంది.

2025లో ఒక్క తీర్పు మాత్రం లోపలికి తొంగి చూసింది. ఇంట్లో ఉమ్మడిగా ఉంటున్నవాళ్ళ సమ్మతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపడం గోప్యతని హరించడమేనని కలకత్తా హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు ఆ మేలో దానిలో జోక్యం చేసుకోలేదు. సంతోషమే. అయితే ఆ తగాదా ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరు అన్నదమ్ముల మధ్య. ఇద్దరికీ వకీళ్ళున్నారు. అన్నదమ్ములకి తేలిన హక్కు కోడలికి, కూతురికి, వంటింట్లో గిన్నెలు తోమే మనిషికి ఎప్పుడు చేరుతుంది? కోర్టు ఫీజులతో చేరదు. మాట్లాడితేనే చేరుతుంది.

మాట్లాడాల్సిన వాళ్ళం మనం. పనాప్టికాన్ గురించి మన సెమినార్లలో చెప్పని వక్త లేదు. ఫూకో 1975లో రాసిన పుస్తకాన్ని ఉటంకించని థీసిస్ అరుదు. ఎవరో చూస్తున్నారన్న ఊహ చాలు, మనిషి తనకి తానే జైలరు అయిపోతుందని విద్యార్థులకి పాఠం చెప్తాం. క్లాసు మధ్యలో ఫోన్ 'కదలిక గుర్తించబడింది' అంటే తీసి చూస్తాం. వర్జీనియా వుల్ఫ్ 1929లో స్త్రీకి తనదైన గది కావాలని వాదించింది. ఆ గదికి లోపలి నుంచి గడియ ఉండాలని మనం తర్వాత అర్థం చేసుకున్నాం. ఆ గది మూలలో కన్ను ఉంటే గడియ ఎందుకు? రాసుకునే స్త్రీకి ఎవరూ చూడని గంట ఎంత అవసరమో ఈ పత్రిక చదివేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ గంట మనకి ఎంత అవసరమో మన తల్లికీ, కూతురికీ, మన ఇంట్లో పనిచేసే మనిషికీ అంతే అవసరం.

అందుకే కొన్ని కోరికలు. అశోక్‌నగర్, చిక్కడపల్లి హాస్టళ్ళలో అద్దె కట్టే అమ్మాయిలు కెమెరాలు ఎక్కడున్నాయో, ఎవరి ఖాతాలో ఉన్నాయో, ఎన్ని రోజులు దాస్తారో గోడ మీద రాసి పెట్టమని అడగాలి. ఆ ఖాతా చూసే హక్కు హాస్టల్ విద్యార్థినులు ఎన్నుకున్న ఒకరికి ఉండాలి. వాళ్ళు అడిగితే వాళ్ళ పక్కన నిలబడాల్సింది ఈ పేటల్లోని మహిళా కాలేజీల అధ్యాపకులు. అపార్ట్‌మెంట్ సంఘాల సమావేశాలకి మగవాళ్ళని పంపి ఊరుకోకుండా మనమే వెళ్ళి, మెట్ల మీద కెమెరాల దృశ్యాలు వాచ్‌మన్ నుంచి కార్యదర్శి దాకా ఎవరెవరి ఫోన్లలో ఉన్నాయో అడగాలి. ఇంటిపని కార్మికుల సంఘాలు వేతనంతో పాటు, సెలవుతో పాటు ఈ కెమెరా ప్రశ్నని కూడా పెట్టుకోవాలి. మనం సంతకం చేయాలి.

ఇవి అన్నీ రేపటి పనులు. ఇవాళ చేయగలిగింది ఒకటుంది. మీ ఇంట్లో కెమెరా ఉంటే యాప్ తెరిచి యజమాని దగ్గర ఎవరి పేరుందో, ఇంకా ఎవరెవరికి షేర్ అయి ఉందో చూడండి. తర్వాత దాని ముందు రోజంతా తిరిగే మనిషి ఎవరో ఆలోచించండి. ఆ మనిషి ఆ పేర్లలో లేకపోతే ఆమెని పిలిచి అడగండి. వద్దంటే తీసేయండి, తీయడానికి కూడా నిచ్చెన అక్కర్లేదు.